పరుగెత్తే పిల్లకి ఏం పెట్టాలి?



పోయినవారం ఊరగాయ జాడీల గురించి చెప్పుకున్నాం. ఈవారం కొత్త వంటకం చెబుదామని కూర్చున్నాను గానీ, దానికంటే ముందు మా ఇంట్లో జరిగిన ఒక సంగతి మీతో చెప్పుకోవాలనిపించింది. వంటకం చివర్లో ఉంది, కంగారుపడకండి. ఎదిగిన పిల్లలున్న ప్రతి తల్లికీ ఈ సంగతి పనికొస్తుందని నా నమ్మకం.

మాది వాకాడు. 2022 నుంచి తిరుపతి జిల్లాలో కలిపారు గానీ, ఎవరైనా అడిగితే మా నోటికి ఇప్పటికీ నెల్లూరు జిల్లా అనే వస్తుంది. మా పెద్దపాప డిగ్రీ అయిపోయి కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతోంది. రాతపరీక్ష ఒక్కటే అయితే ఇంట్లో కూర్చుని చదువుకునేది. కానీ 1600 మీటర్ల పరుగు, వంద మీటర్ల పరుగు, లాంగ్ జంప్ కూడా ఉంటాయి కదా. అందుకని తెల్లవారుజామున అయిదింటికే లేచి, ఇంకో ఇద్దరు పిల్లలతో కలిసి స్కూలు గ్రౌండుకి పోతుంది. నేను కూడా లేచి కాఫీ కలిపిచ్చి గేటు దాకా సాగనంపేదాన్ని. ఆ మాత్రం చేస్తే చాలు, తల్లిగా నా వంతు అయిపోయిందనుకున్నాను.

ఒకరోజు ఏడుంపావుకి రావాల్సిన పిల్ల ఆరున్నరకే వచ్చేసింది. అరుగు మీద కూలబడింది. మొహం తెల్లగా పాలిపోయి ఉంది.

"ఏందే పాపా, అట్ట కూలబడ్డావు?"

"ఏం లేదు మా, కళ్ళు తిరిగినయ్. రెండు రౌండ్లకే కాళ్ళు ఈడ్చుకుపోతున్నయ్."

నీళ్ళిచ్చి పడుకోబెట్టాను. ఆ మధ్యాహ్నం బియ్యం తీద్దామని డ్రమ్ము జరిపితే, దాని వెనక పెద్ద నల్ల డబ్బా కనిపించింది. మీద కండలు తిరిగిన మగాడి బొమ్మ. మూత తీస్తే చాక్లెట్ వాసనేసే పొడి. పిల్లని అడిగితే నీళ్ళు నమిలింది. చివరికి బయటపెట్టింది. చీటీపాట డబ్బుల్లోంచి నేను పుస్తకాలకని ఇచ్చిన దాంట్లో 3,200 పెట్టి టౌన్లో ఒక షాపులో కొన్నదట. పొద్దున ఒక చెంచా పొడి నీళ్ళలో, రాత్రి ఒక చెంచా. అన్నం తింటే ఒళ్ళు బరువెక్కుతుందని ఫోన్లో ఎవరో చెప్పారని మధ్యాహ్నం నాలుగు ముద్దలతో లేచిపోతోంది. రాత్రి అన్నం అసలు మానేసింది. నేనేమో చదువు ధ్యాసలో సరిగ్గా తినట్లేదు అనుకున్నాను!

కోపం వచ్చింది. డబ్బు పోయినందుకు కాదు. నెలన్నర రోజులుగా నా వంటింట్లో నా బిడ్డ పస్తులుంటే నాకు తెలియలేదే అని.

మర్నాడు గూడూరు తీసుకెళ్ళి లేడీ డాక్టరుకి చూపించాను. ఆవిడ డబ్బా సంగతి విని తిట్టలేదు, నవ్వలేదు. "అన్నం ఎంత తింటున్నావమ్మా?" అని ఒక్కటే అడిగారు. రక్తం కొంచెం తక్కువగా ఉందని ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు రాశారు. తర్వాత నావైపు తిరిగి, "మీరు ఇంటర్‌లో బైపీసీ చదివానన్నారుగా, మాంసకృత్తుల పాఠం మళ్ళీ ఒకసారి చదవండి" అన్నారు. పెళ్ళయి పాతికేళ్ళయింది. ఆ పుస్తకాలు ఎప్పుడో పొట్లాలు కట్టుకోడానికి పోయాయి. ఆవిడ దగ్గర అడిగి, మా అంగన్‌వాడీ టీచరు దగ్గర పుస్తకాలు తెచ్చుకుని చదివి, నాకు అర్థమైనంతవరకు మీకు చెబుతున్నాను.

కండ అంటే పూరింటి కప్పు లాంటిది

మాంసకృత్తులంటే ప్రోటీన్లు. పప్పు, గుడ్డు, చేప, పాలు, ఇలా ఏ రూపంలో తిన్నా కడుపులో యాసిడ్, జీర్ణరసాలు కలిసి వాటిని చిన్న చిన్న ముక్కలు చేస్తాయి. ఆ ముక్కల్నే అమైనో ఆమ్లాలంటారు. మొత్తం 20 రకాలు. అందులో 9 రకాలు మన ఒళ్ళు తయారుచేసుకోలేదు, తిండి నుంచే రావాలి. చిన్నపేగులోంచి ఇవి రక్తంలోకి చేరి, ముందు కాలేయానికి పోయి, అక్కణ్ణించి ఎక్కడ అవసరమైతే అక్కడికి పోతాయి. కండకే కాదు, రక్తానికి, చర్మానికి, జుట్టుకి, రోగనిరోధక శక్తికి అన్నిటికీ ఇవే కావాలి.

కండ ఒకసారి కట్టేసి వదిలేసే గోడ కాదట. మా సముద్రపొడ్డు పాళేల్లో తాటాకు ఇళ్ళు చూసే ఉంటారు. ఏటా పాత ఆకు తీస్తారు, అందులో పనికొచ్చేది మళ్ళీ వాడతారు, తక్కువపడ్డ దానికి కొత్త ఆకు తెస్తారు. మన ఒంట్లోనూ రోజూ ఇదే పని. పెద్దవాళ్ళ ఒంట్లో రోజుకి సుమారు 250 నుంచి 300 గ్రాముల మాంసకృత్తులు విరిగి, మళ్ళీ కట్టుకుంటాయి. చాలావరకు పాత సరుకే తిరిగి వాడుకుంటుంది. కొంత మాత్రం పోతుంది. ఆ పోయినంత మనం తిండిలో పెట్టాలి.

వ్యాయామం చేసినప్పుడు ఈ విరగడమూ పెరుగుతుంది, కట్టడమూ పెరుగుతుంది. గట్టిగా కష్టపడ్డ కండలో ఈ కట్టడం పని ఒకరోజు, ఒక్కోసారి రెండురోజుల దాకా జోరుగా సాగుతుంది. అంటే పరుగు అయిన అరగంటలోపే ఏదో తాగేయాలి, లేకపోతే అంతా వృథా అని హడావిడి పడనక్కర్లేదు. ఆ రోజంతా, మర్నాడు కూడా సరిగ్గా తినాలి. అదీ అసలు విషయం.

ఈ పనికి మూడు కావాలి. ఒకటి, ఆకు. అంటే మాంసకృత్తులు. రెండు, కప్పు నేయమన్న పురమాయింపు. అంటే వ్యాయామం. కష్టపెట్టని కండకి ఎంత పొడి పోసినా పెరగదు. మూడోది మనం మర్చిపోయేది, కూలి. పనివాడికి కూలి ఇవ్వకపోతే ఆకు ముంగిట్లో పడి ఉన్నా కప్పు లేవదు కదా! ఆ కూలి మన అన్నం, సంగటి, నూనె, బెల్లం. వీటినుంచి వచ్చే శక్తిని కేలరీల్లో లెక్కేస్తారు.

మా పాప చేసిన తప్పు ఇక్కడే ఉంది. అన్నం మానేసింది. శక్తికి ఇంకేమీ లేక ఒళ్ళు ఆ ఖరీదైన పొడినే పొయ్యిలో కట్టెలా మండించుకుంది. చాలక తన కండని తానే కరిగించుకుంది. 3,200 రూపాయల సరుకు వంటచెరుకైపోయింది!

హైదరాబాదులో ఎప్పుడో తేల్చిన సంగతి

ఇది నా సొంత తెలివి కాదండీ. మన హైదరాబాదులో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో ఒక చిన్న గదిలో మొదలై, 1958లో హైదరాబాదుకి వచ్చింది. ఒకప్పుడు ప్రపంచంలో పెద్ద పెద్ద వాళ్ళంతా పేదదేశాల పిల్లలు చిక్కిపోవడానికి మాంసకృత్తుల కొరతే కారణమనీ, ప్రోటీన్ పొడులు పంపితే సరిపోతుందనీ అనేవారు. ఆ సంస్థలో డాక్టర్ సి. గోపాలన్ గారూ, ఆయన తోటివాళ్ళూ హైదరాబాదు చుట్టుపక్కల పల్లెల్లో పిల్లల మీద పరిశీలన చేశారు. అయిదేళ్ళలోపు పిల్లలకి గోధుమపిండి, పంచదార, నూనెతో చేసిన తీపి పదార్థం రోజూ పెట్టారు. దాంట్లో శక్తి 310 కేలరీలు, మాంసకృత్తులు మాత్రం 3 గ్రాములే. పద్నాలుగు నెలలకి ఆ పిల్లలు, అది తినని పిల్లలకంటే ఎత్తు, బరువు బాగా పెరిగారు. 1973లో దీన్ని అచ్చువేశారు.

దీని అర్థం మాంసకృత్తులు అక్కర్లేదని కాదు. ఆ పిల్లలు ఇంట్లో తినే అన్నం, పప్పులోనే కొంత ఉంది. కడుపు నిండక, ఆ ఉన్నది కూడా మండిపోతోంది. కడుపు నింపేసరికి ఉన్న మాంసకృత్తులు ఎదుగుదలకి మిగిలాయి. పల్లెటూరి పసిపిల్లలకి నిజమైంది, పరుగెత్తే మా పాపకీ నిజమే అయింది.

ఈ సంస్థ వాళ్ళే 2024 మే నెలలో మనందరి కోసం 17 ఆహార సూత్రాలు విడుదల చేశారు. అందులో ఒళ్ళు పెంచుకోడానికి ప్రోటీన్ పొడులు వద్దని స్పష్టంగా రాశారు. వాటిలో చక్కెర, కృత్రిమ తీపి పదార్థాలు, రుచికోసం కలిపే మందులు ఉండొచ్చనీ, ఎక్కువకాలం ఎక్కువ మోతాదులో వాడితే ఎముకలకి, కిడ్నీలకి చేటు జరగొచ్చనీ హెచ్చరించారు. వ్యాయామంతో పాటు ఇలాంటివి తీసుకున్నా కండ, బలం పెరిగేది కొంచెమేననీ, కిలో బరువుకి 1.6 గ్రాములు దాటాక అదనపు లాభం లేదనీ చెప్పారు.

పొడి విషమని నేను అనను. ఆ డబ్బాల్లో చాలావాటిలో ఉండేది పాల విరుగుడు. పాలు విరిగినప్పుడు ముద్ద తీసేశాక మిగిలే పల్చటి నీళ్ళున్నాయే, మనం చారులోనో చపాతీపిండిలోనో పోసుకునేవి, అలాంటి నీళ్ళలో ఉండే మాంసకృత్తుని ఫ్యాక్టరీల్లో వేరుచేసి ఎండబెట్టిందే అది. మంచి సరుకే. నోటితో తినలేని రోగికి డాక్టరు చెబితే వాడొచ్చు. కానీ చక్కగా నమిలి తినగలిగే పిల్లకి దాంతో ఏం పని?

మండేది ఏది, కట్టేది ఏది

ఇంకో పొరపాటు కూడా మనలో ఉంది. పరుగెత్తడానికి బలం మాంసకృత్తుల నుంచే వస్తుందనుకుంటాం. ఈ చిక్కు విప్పిన వాళ్ళలో మన తెలుగాయనే ఉన్నారు, డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు. 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, అమెరికాలో హార్వర్డుకి వెళ్ళారు. 1927లో సైరస్ ఫిస్కే అనే ఆయనతో కలిసి కండలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని కనిపెట్టారు. వంద మీటర్ల పరుగులో గురి చూసి దూకే మొదటి కొన్ని సెకన్ల బలం ఇదే ఇస్తుంది. పోపుగిన్నె వేడెక్కగానే ఆవాలు చిటపటలాడినట్టు, అలా అంటుకుని ఇలా అయిపోతుంది. దీనికి కావలసిన క్రియాటిన్‌ని మన ఒళ్ళు అమైనో ఆమ్లాల నుంచి తానే తయారుచేసుకుంటుంది. చేప, మాంసంలోనూ ఉంటుంది.

ఆ తర్వాత 1600 మీటర్ల దాకా లాగేది ముఖ్యంగా అన్నం నుంచి వచ్చిన చక్కెర నిల్వలు. అది కండల్లోనూ, కాలేయంలోనూ దాగి ఉంటుంది. కొవ్వు కూడా కొంత తోడవుతుంది. మాంసకృత్తులు మండేది చాలా కొంచెం. చక్కెర నిల్వలు ఖాళీ అయితేనే వాటి మీద పడుతుంది. మా పాపకి రెండు రౌండ్లకే కాళ్ళు ఈడ్చుకుపోవడానికి ఇదే కారణమని డాక్టరమ్మ చెప్పారు.

అన్నట్టు మా పాపకి రాసిన మాత్రల్లో ఉన్న ఫోలిక్ యాసిడ్ ఉందే, 1945లో దాన్ని తయారుచేసిన బృందానికీ పెద్ద సుబ్బారావు గారే! ఆ సంగతి చెబితే పాప మాత్ర మింగేముందు ఓ దణ్ణం పెట్టింది.

మరి ఎక్కువ తింటే ఎక్కువ మంచిది కదా?

మా చిన్నాడు ఈ ప్రశ్న వేశాడు. బియ్యానికి డ్రమ్ము ఉన్నట్టు, మన ఒంట్లో కొవ్వుకి నిల్వచోటు ఉంది, చక్కెరకి కొంచెం ఉంది. మాంసకృత్తులకి అలాంటి గాదె లేదు. అవసరానికి మించి తింటే కాలేయం దాంట్లోని నత్రజనిని విడగొట్టి యూరియాగా మారుస్తుంది. దాన్ని కిడ్నీలు వడపోసి మూత్రంలో పంపిస్తాయి. మిగిలింది శక్తిగా మండుతుంది, లేకపోతే కొవ్వుగా చేరుతుంది. అందుకే ఒకే పూట అంతా కుక్కకుండా మూడు నాలుగు పూటలకి పంచి తినాలి. పూటకి 15 నుంచి 20 గ్రాములు అందితే పిల్లలకి బాగా వంటబడుతుంది.

లెక్క ఇదండీ. మామూలు మనిషికి కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాములు చొప్పున చూసుకోమని మన పోషకాహార సంస్థ చెబుతోంది. అంటే 52 కిలోల మా పాపకి 43 గ్రాములు. రోజూ గట్టిగా సాధన చేసేవాళ్ళకి 1.2 నుంచి 1.6 దాకా కావొచ్చు. అంటే 62 నుంచి 83 గ్రాములు. చూస్తే పెద్ద అంకెలాగా ఉంది గానీ, మన వంటింట్లో ఎంతెంత ఉందో చూడండి.

కోడిగుడ్డు ఒకటి — 6 గ్రాములు
పెద్ద గ్లాసు పాలు (200 మిల్లీలీటర్లు) — 6 గ్రాములు పైచిలుకు
పెరుగు, ఓ మాదిరి కప్పు — 4 గ్రాములు
కందిపప్పు గుప్పెడు (30 గ్రాములు) — 6 గ్రాములు పైగా
పెసలు గుప్పెడు (30 గ్రాములు) — 7 గ్రాములు
వేరుశనక్కాయ పప్పు గుప్పెడు (30 గ్రాములు) — 7 గ్రాములు
చేపముక్కలు రెండు (సుమారు 80 గ్రాములు) — 15 గ్రాములు
బియ్యం 100 గ్రాములు — 7 గ్రాములు పైగా

చివరి వరుస చూశారా? అన్నంలోనూ ఉంది! బియ్యంలో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, పప్పుల్లో అది దండిగా ఉంది. పప్పుల్లో మిథియోనిన్ తక్కువ, అది బియ్యంలో ఉంది. రెండూ కలిస్తే ఒకదాని లోటు ఇంకోటి పూడుస్తుంది. మూడు వంతుల బియ్యానికి ఒక వంతు పప్పు ఉండాలని పెద్దలు చెప్పే కొలత. పొంగలి, పులగం, ఇడ్లీ, పప్పన్నం మన అమ్మమ్మలు ఊరికే పెట్టారా! అయితే మనం చేసే పొరపాటు, పప్పుని చారులాగా పల్చగా చేసేయడం. నీళ్ళు ఎక్కువైతే ప్లేటు నిండుతుంది, బలం నిండదు.

డబ్బుల లెక్క కూడా చేశాను. ఆ కిలో డబ్బాలో చెంచాకి 24 గ్రాముల చొప్పున 33 చెంచాలు. మొత్తం 800 గ్రాములకి కొంచెం తక్కువ. గుడ్డు ఏడు రూపాయలు వేసుకున్నా 3,200కి 457 గుడ్లు వస్తాయి. గుడ్డుకి 6 గ్రాములు చూసినా 2,700 గ్రాములు దాటింది. మూడింతలు! పప్పు, వేరుశనగ లెక్కేస్తే ఇంకా చవక. పాపని పక్కన కూర్చోబెట్టుకుని ఈ లెక్క కాగితం మీద వేసి చూపించాను. ఏమీ మాట్లాడలేదు. సాయంత్రం డబ్బా తీసుకెళ్ళి షాపులో అడిగితే, సీలు తీసింది వెనక్కి తీసుకోమన్నారట. మిగిలింది అయిపోయేదాకా పాలల్లో అరచెంచా కలిపి ఇద్దరు పిల్లలకీ ఇచ్చేశాను. పారేయడానికి మనసొప్పలేదు.

ఇప్పుడు మా పాప తింటున్నది

తెల్లవారుజామున పరుగుకి ముందు ఒక అరటిపండు, నీళ్ళు. వచ్చాక స్నానం చేసి రెండు పెసరట్లు, ఒక గుడ్డు. మధ్యాహ్నం కడుపునిండా అన్నం, గట్టిపప్పు, ఏదో ఒక ఆకుకూర, పెరుగు. చేపలున్న రోజు పులుసులో రెండు ముక్కలు. సాయంత్రం గ్లాసు పాలు, రెండు లడ్డూలు. ఆ లడ్డూ సంగతి కింద చెప్పాను. రాత్రి అన్నమో, రాగిసంగటో, దాంతో ఉడికించిన శనగలో, గుడ్డుకూరో, మజ్జిగ. చేపలున్న రోజు అన్నీ కలిపితే 75 గ్రాములు దాటుతోంది. చేపలు లేని రోజు 60కి తగ్గకుండా చూస్తున్నాను.

మాకు తూపిలిపాళెం వైపు నుంచి గంపల్లో చేపలు వస్తాయి. అందరూ వంజరం కోసం ఎగబడతారు. నేను నెత్తళ్ళు తీసుకుంటాను. ధర తక్కువ, ముల్లుతో సహా నమిలేస్తాం గనక సున్నం కూడా దక్కుతుంది. ఎండు నెత్తళ్ళలో నీరు పోతుంది గనక మాంసకృత్తులు ఇంకా చిక్కగా ఉంటాయి. కానీ ఉప్పు ఎక్కువ. వేడినీళ్ళలో రెండుసార్లు కడగాలి, బీపీ ఉన్నవాళ్ళు జోలికి పోకపోతే మేలు. శాకాహారులు బాధపడనక్కర్లేదు. పప్పులు, వేరుశనగ, సోయా, పాలు, పెరుగు చాలు.

మరి నా కంచం?

ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. కానీ లెక్కల కాగితం చూసి పాప ఒక మాట అడిగింది. "నువ్వేం తిన్నావో రాయి మా" అని.

నవ్వేశాను. ఊరుకోలేదు. తనే పెన్ను తీసుకుని కూర్చుంది. పొద్దున టీ, మిగిలిన రెండు ఇడ్లీలు. మధ్యాహ్నం అందరూ తిన్నాక అన్నం, చారు, పచ్చడి, గిన్నె అడుగున మిగిలిన పప్పు, మజ్జిగ. సాయంత్రం టీ. రాత్రి అన్నం, ఊరగాయ, మజ్జిగ. గుడ్డు? పిల్లలకి. చేప ముక్క? మావారికి, పిల్లలకి. నాకు పులుసు. మొత్తం కూడితే 26 గ్రాములు! నా బరువు 58 కిలోలు, నాకు రోజుకి 48 కావాలి. సగం కంటే కొంచెం ఎక్కువ తింటున్నానంతే.

"మీయమ్మకి ఇప్పుడు కండలెందుకు లేవే" అన్నాను. మంచం మీదున్న మా అత్త అందుకుంది. "నేనూ అట్టనే అనుకుంటి. ఇప్పుడు కింద కూర్చుంటే ఇద్దరు పట్టి లేపాల" అంది.

నాకు నోట మాట రాలేదు. ఆవిడకి డెబ్బై దాటాయి. మోకాళ్ళ నొప్పులని ఇన్నాళ్ళూ నూనె రాస్తూ వచ్చాం. తొడల్లో కండ ఎప్పుడు కరిగిపోయిందో ఎవరూ చూడలేదు. నలభై దాటాక ఎవరికైనా కండ కొంచెం కొంచెంగా తగ్గుతుంది. సరిగ్గా తినక, కండని కష్టపెట్టక ఉంటే ఆ తరుగుదల జోరందుకుంటుంది. నేను కూడా ఈమధ్య పీట మీంచి లేవాలంటే చెయ్యి నేలకి ఆనిస్తున్నాను. మీలో ఎంతమంది అలా లేస్తున్నారో ఒకసారి గమనించుకోండి.

ఇంటిపని అంతా వ్యాయామమే కదా అంటారు. అలసట వస్తుంది, నిజమే. కానీ రోజూ ఒకేలా చేసే పనికి ఒళ్ళు అలవాటుపడిపోతుంది, కొత్తగా కండ కట్టదు. డాక్టరమ్మ నాకు చెప్పింది చాలా తేలిక. కుర్చీలో కూర్చుని, చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోవడం. గోడకి ఎదురుగా నిలబడి అరచేతులతో పదిసార్లు నెట్టడం. వారానికి మూడురోజులతో మొదలుపెట్టి మెల్లగా పెంచాలి. మోకాళ్ళ నొప్పి, గుండెజబ్బు ఉన్నవాళ్ళు ముందు డాక్టర్ని అడగాలి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం మాంసకృత్తులు సొంతంగా పెంచుకోకూడదు, డాక్టరు చెప్పినంతే తినాలి. షుగరు ఎక్కువకాలంగా ఉన్నవాళ్ళు కూడా కిడ్నీ పరీక్ష చేయించుకుని అడగండి.

నిజం చెబుతున్నాను, గుడ్డు నా కంచంలో వేసుకోడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. అయిదో రోజు పాపే వలిచి పెట్టింది. ఇప్పుడు అత్తకీ ఒకటి మెత్తగా చిదిమి పెడుతున్నాను, పప్పు గట్టిగా వండుతున్నాను, నేనూ అందరితోపాటే కూర్చుంటున్నాను. మావారు మొదటిరోజు, "ఏంది, ఈరోజు పండగా?" అన్నారు. తర్వాత అలవాటైపోయింది.

పాపకి రెండు నెలలు తిరిగేసరికి కళ్ళు తిరగడం పోయింది. 1600 మీటర్లు ఎక్కడా ఆగకుండా పూర్తిచేస్తోంది. ఇంకా టైము తగ్గించుకోవాలంటోంది. సెలక్షన్లో ఏమవుతుందో దేవుడి దయ. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మన శ్రీకాకుళం అమ్మాయి కరణం మల్లీశ్వరి 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం తెచ్చిన తొలి భారతీయ మహిళగా నిలిచింది కదా, ఆ ఫోటో పాప గదిలో గోడకి అతికించుకుంది. నేను వంట చేసుకుంటూ ఆ గదిలోకి పోయినప్పుడల్లా చూస్తుంటాను.

ఈవారం వంటకం: హైదరాబాద్ మిక్స్ లడ్డూలు

బలహీనంగా ఉన్న పిల్లల కోసం జాతీయ పోషకాహార సంస్థ రూపొందించిన పొడి ఇది. అసలు కొలత ప్రకారం గోధుమలు 40 గ్రాములు, వేయించిన శనగపప్పు 16, వేరుశనగ 10, బెల్లం 20. ఇంతలో 330 కేలరీలు, 11 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. ఆకూ, కూలీ రెండూ ఒక్క లడ్డూలోనే! నేను దాన్ని పదింతలు చేసి ఇస్తున్నాను.

కావలసినవి:
గోధుమలు — 400 గ్రాములు
పుట్నాలపప్పు — 160 గ్రాములు
వేరుశనక్కాయ పప్పు — 100 గ్రాములు
బెల్లం తురుము — 200 గ్రాములు
ఏలకులు — నాలుగు
నెయ్యి లేక గోరువెచ్చని పాలు — ఉండ కట్టడానికి సరిపడా

తయారుచేసే విధానం:
గోధుమలు రాళ్ళు ఏరి, కడిగి, బట్ట మీద బాగా ఆరబెట్టండి. మందపాటి మూకుడులో సన్నటి సెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించండి. తొందరపడి మంట పెంచితే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది. వేరుశనక్కాయలు విడిగా వేయించి, చల్లారాక పొట్టు తీయండి. పుట్నాలపప్పు కొంచెం వేడిచేస్తే చాలు.

గోధుమలు మరలో ఆడించుకుంటే మేలు, మిక్సీలో అయితే కొంచెం కొంచెంగా వేయండి. పుట్నాలు, ఏలకులు పొడిచేయండి. వేరుశనగని ఆగి ఆగి తిప్పండి, ఒక్కసారిగా తిప్పితే నూనె వదిలి ముద్దవుతుంది. అన్నీ బెల్లం తురుముతో కలిపి గాలి దూరని డబ్బాలో పెడితే రెండు వారాలు నిలవుంటుంది.

కావలసినప్పుడు కొంచెం పొడి తీసుకుని వేడి నెయ్యితో ఉండలు కట్టండి. పాలతో కడితే మాత్రం ఆరోజుకారోజే తినేయాలి. ఈ కొలతకి నిమ్మకాయంత లడ్డూలు దాదాపు ముప్పై వస్తాయి. ఒక్కోదాంట్లో సుమారు 4 గ్రాముల మాంసకృత్తులు. షుగరు ఉన్నవాళ్ళు బెల్లం లేకుండా, పొడిని మజ్జిగలో ఉప్పు వేసి కలుపుకోవచ్చు. అప్పుడు కూడా గోధుమ ఉంది కాబట్టి ఆ పూట అన్నం కొంచెం తగ్గించుకోండి. వేరుశనగ పడనివాళ్ళు దాన్ని మానేసి పుట్నాలు పెంచుకోండి.

చివరగా ఒక్కమాట. ఈ లడ్డూలు పిల్లల డబ్బాలో పెట్టేటప్పుడు లెక్క ఒకటి ఎక్కువ చేయండి. అది మీకు. గిన్నె అడుగున మిగిలితే చూద్దామని కాకుండా ముందే పక్కన పెట్టుకోండి.

వచ్చేవారం ఎండాకాలం మజ్జిగ చారుల గురించి చెప్పుకుందాం. అంతవరకూ సెలవు.